పావు చుట్టు

నా చిటికెన వేలంత పొడవు కూడా లేని ఒక బోల్టును బాగుచేస్తానని కూర్చుని, ఇరవై రెండు గంటలకి పది నిమిషాలు తక్కువలో, రెండున్నర ఎకరాల చెరువులోని చేపలన్నిటి ప్రాణం మీదికి తెచ్చిన వైనం ఇది. పొరపాటున చెయ్యి తగిలి తెచ్చానా అంటే కాదు. పట్టుదలగా, గడియారం చూసుకుంటూ, పుస్తకంలో రాసుకుంటూ, ఒక్కొక్క మెట్టే ఎక్కి తెచ్చాను. నవ్వదలచినవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నేను చివర్లో వచ్చి కలుస్తాను.

అప్పుడు నాకు అరవై రెండు. ఇప్పుడు అరవై ఏడు. ఐదేళ్ల కిందటి ఆ చిన్నపిల్ల చేసిన పనికి ఈ పెద్దమనిషి బాధ్యత లేదని ఒకటి రెండుసార్లు వాదించి చూశాను గాని, మా చెల్లెలు కరుణ ఒప్పుకోలేదు. చెరువు ఆవిడది కాబట్టి తీర్పు కూడా ఆవిడదే.

ఏలూరులో ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాక, కలిదిండి పక్కన కరుణ ఇంటికి చేరాను. మరిది పోయిన దగ్గర్నించి చేపల చెరువు కరుణే చూసుకుంటోంది. నీళ్ల రంగు చూసి రేపటి సంగతి చెప్పగలదు. అలల తీరు చూసి కింద తిరుగుతున్న చేప బొచ్చో శీలావతో చెప్పగలదు. నాకవేవీ రావు. నాకు వచ్చిందల్లా రాయడం. అందుకని వచ్చిన మూడో రోజునే ఒక పొడుగు నోటుపుస్తకం కొని, ఎర్ర సిరాతో గీతలు కొట్టి, అట్ట మీద 'ఇంజిను' అని రాశాను. తేదీ, వేసిన టైము, ఆపిన టైము, ఆయిలు మట్టం, రిమార్కులు. మొత్తం ఐదు గడులు. మొదటి నాలుగూ ఎవరైనా నింపగలరు. మనిషి నిజస్వరూపం రిమార్కుల గడిలో బయటపడుతుంది. ఈ సంగతి నాకు ఆ పుస్తకమే నేర్పింది.

చెరువుకి ఇంజిను ఎందుకని అడిగేవారి కోసం ఒక మాట. మబ్బు పట్టి, గాలి ఆడని రోజుల్లో తెల్లవారేసరికి నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు ఐదు గుర్రాల డీజిల్ ఇంజిను పెట్టి, చెరువు నీళ్లే తోడి చెరువులోకే ఎగజిమ్మాలి. ఆ నీళ్లు గాలిని పట్టుకుని కిందికి దిగుతాయి. ఇంజిను ఆగితే, ఎండ పొడిచేలోపు చేపలు వెల్లకిలా పడతాయి. మా గట్టు దాకా కరెంటు లైను లేదు. కాబట్టి ఆ ఇంజినే చెరువుకి ఊపిరి.

ఇంకొకటి కూడా ముందే చెప్పెయ్యాలి, తర్వాత దాచానని అనకండి. నాకు బిగింపు అంటే ఇష్టం. ఎవరు కట్టిన కుళాయినైనా ఇంకోసారి కడతాను. ఎవరు పెట్టిన సీసా మూతనైనా ఇంకోసారి తిప్పుతాను. స్కూల్లో నేను కట్టిన కుళాయిని విప్పడానికి డ్రిల్లు మాస్టారు వచ్చేవారు. దీన్ని నేను జాగ్రత్త అనేదాన్ని. మిగతావాళ్లు ఏమనేవారో నా చెవిదాకా రానివ్వలేదు.

ఆ సంవత్సరం కరుణ కంటికి శుక్లం ముదిరింది. తాడేపల్లిగూడెంలో ఆపరేషనుకి రోజు కుదిరేసరికి, అది సరిగ్గా చేపల పట్టుబడి వారంలో పడింది. శుక్రవారం వలలవాళ్లు వస్తారు, ఐసు వేసుకుని వ్యాన్లు వస్తాయి, అంతా మాట్లాడేసింది. ఏడాదిన్నర మేపిన చేప. ఇక మిగిలింది నాలుగు తెల్లవారుజాములు. సోమవారం మధ్యాహ్నం బస్సెక్కుతూ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఈ నాలుగు రోజులూ గడిస్తే చాలు. ఇంజినుకి ఏదైనా అయితే సత్తిబాబుకి ఫోను చెయ్యి. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

"అలాగే" అన్నాను. మా ఇంట్లో అలాగే అంటే విన్నాను అని. చేస్తానని కాదు.

సత్తిబాబు అంటే మా చుట్టుపక్కల గట్ల మీద ఇంజిన్లన్నిటికీ వైద్యుడు. యాభై ఏళ్ల మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చెరువు మీద కాపలా ఉండే ఏసోబు ఆయనకంటే పదేళ్లు పెద్ద. ఏసోబుకి ఏ పనీ తొందరగా చెయ్యడం ఇష్టం ఉండదు, కాబట్టి ఏ పనీ పాడుచెయ్యడు. ఈ కథలో మనుషులు ఇంతే. మిగిలినవి చేపలు.

మంగళవారం పొద్దున్న ఐదుకి వేసిన ఇంజిను ఎనిమిదికి ఆపాం. ఎనిమిదీ ఇరవైకి పుస్తకం పట్టుకుని వంగి చూస్తే, అడుగున ఆయిలు దింపే బోల్టు కొసన ఒక నల్లటి చుక్క. అది జారి పడింది. ఇంకొకటి తయారైంది. వాచీ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి ఏడు.

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? నేను మాత్రం ఇంటికెళ్లి దగ్గుమందు మూత తెచ్చి దాని కింద పట్టాను. ఐదు మిల్లీలీటర్ల గీత దాకా నిండడానికి వంద చుక్కలు పట్టింది, పద్నాలుగు నిమిషాల పైన. అంటే మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. గంటకి నాలుగు వందల ఇరవై, రోజుకి పది వేల ఎనభై. అంటే ఐదు వందల నాలుగు మిల్లీలీటర్లు. ఇంజినులో పట్టేది మూడున్నర లీటర్లు. లెక్క పుస్తకంలో వేసి, కింద రెండు గీతలు గీశాను. తప్పు లేని లెక్క.

ఏసోబు వచ్చి తొంగి చూశాడు. "రోజుకి ఎంత పోద్దండి టీచరుగారూ?"

"అర లీటరు."

"అయితే కింద గిన్నె పెడదామండి. పొద్దున్నే వడగట్టి పైనించి పోసేద్దాం. శుక్రవారం దాకా ఎంతండి, మూడు గిన్నెలు."

గమనించారా? ఆ లెక్క వేసింది నేను. అందులోంచి జవాబు తీసింది ఏసోబు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి, లెక్క వెయ్యడం గొప్ప కాదు, అది ఏం చెబుతోందో వినాలి అని బోర్డు మీద రాసి చెప్పినదాన్ని. నా బోర్డు నాకు వెనకవైపు ఉండేది గదా, కనబడలేదు.

సత్తిబాబుకి ఫోను చేశాను. ఉండిలో ఎవరివో మోటార్ల పని మీద ఉన్నాడు, బుధవారం పదింటికి వస్తానన్నాడు. ఆయన కూడా గిన్నె పెట్టమనే చెప్పాడు. చివర్లో, ఎంతో మర్యాదగా, ఆ బోల్టు జోలికి మాత్రం వెళ్లొద్దండీ అన్నాడు.

కరుణ వద్దంది. ఈయన వద్దన్నాడు. ఇద్దరూ ఒకే జవాబు రాశారంటే కాపీ కొట్టారని అర్థం. నాకు అనుమానం వచ్చింది. పుస్తకం తిరగేశాను. కిందటిసారి ఆయిలు మార్చి ఆ బోల్టు బిగించినవాడు సత్తిబాబు. బిగింపు చాలలేదు, అందుకే కారుతోంది, అది నేను పట్టేస్తానని భయపడుతున్నాడు. నిరూపణ పూర్తయింది. ఇక మిగిలింది సవరించడమే.

పెట్టెలోంచి స్పానరు తీశాను. బోల్టుకి తగిలించి తిప్పాను. హాయిగా తిరిగింది. ఇంకా తిప్పాను. ఇంకా హాయిగా తిరిగింది. పెళ్లిలో ఎవరేం చెప్పినా తలూపే మేనమామలా, ఎటు తిప్పితే అటు ఒప్పుకుంటోంది గాని ఎక్కడా నిలబడదు. ఎనిమిది చుట్లు తిప్పి లేచి వాచీ చూశాను. నిమిషానికి ముప్పై ఒకటి.

"తగ్గిందాండి?" అన్నాడు ఏసోబు.

"లెక్క మారింది" అన్నాను.

ఏడు ముప్పై ఒకటి అయినప్పుడు తెలివైనవాళ్లు ఆగుతారు. నేను పట్టుదల గలదాన్ని. కింద బేసిను పెట్టించి, బోల్టు లాగేశాను. విప్పాను అనడం లేదు, లాగాను. ఆయిలంతా బేసినులోకి దిగింది. బోల్టు తుడిచి కళ్లజోడు పెట్టుకుని చూస్తే, దాని మరల్లో వెండి జరీ పోగులు చుట్టుకున్నట్టు సన్నటి తీగలు. ఎంత అందంగా ఉన్నాయో. ఇంజిను అడుగుభాగం అల్యూమినియం. దాని లోపలి మరలు ఊడి బోల్టుకి పట్టుకుని బయటికి వచ్చేశాయని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మురికి అనుకుని పిన్నీసుతో శుభ్రంగా గీకి పారేశాను. మిగిలిన కాస్త సాక్ష్యం, కాస్త మర, రెండూ పోయాయి.

మొదటి మందు, కుళాయిలకి చుట్టే తెల్ల టేపు. ఎనిమిది చుట్లు చుట్టి బోల్టు నొక్కి తిప్పి, ఆయిలు తిరిగి పోశాం. పన్నెండు చుక్కలు. ముప్పై ఒకటి నుంచి పన్నెండుకి దిగింది కదా, నాకు ఉత్సాహం వచ్చింది. మొదట ఏడే ఉండేదన్న సంగతి ఆ పూట నేను తలుచుకోదలచుకోలేదు. మళ్లీ దింపి, పద్నాలుగు చుట్లు చుట్టాను. ఐదు చుక్కలు. అంటే సత్తిబాబు కంటే నేను రెండు చుక్కలు మెరుగు. ఇక్కడ ఆపి ఉన్నా ఈ కథ ఉండేది కాదు. కాని ఐదు అంటే సున్నా కాదు గదా. నేను ఎప్పుడైనా నూటికి తొంభై ఐదు చూసి ఊరుకున్నానా?

రెండో మందు పొరపాటున ఏసోబు నోటినుంచి వచ్చింది. వాళ్ల నాన్న ఒకసారి డీజిలు ట్యాంకు చిల్లుకి బట్టల సబ్బు రాస్తే నాలుగు రోజులు ఆగిందట. అని ఊరుకున్నాడా, ఊరుకోలేదు. ట్యాంకు వేడెక్కదు గదండీ, ఇంజిను అడుగు వేడెక్కుద్ది, అని కూడా అన్నాడు. నేను మొదటి వాక్యం దాకా విన్నాను. రెండో వాక్యం చెప్పేటప్పటికి సబ్బు కోసం ఇంటి దారిలో ఉన్నాను.

సబ్బును నీళ్లతో పిసికి చపాతీ పిండిలా చేసి, టేపు మీద మెత్తి, బోల్టు దూర్చి, చుట్టూ ఇంకో పొర అద్ది, బొటనవేలితో అంచు తీర్చాను. కజ్జికాయకి కూడా అంత బాగా అంచు కట్టలేదు ఎప్పుడూ. సాయంత్రం నాలుగింటికి కింద తెల్ల కాగితం పరిచి, పది నిమిషాలు కళ్లార్పకుండా కూర్చున్నాను. ఒక్క చుక్క పడలేదు. పుస్తకంలో ఎర్ర సిరాతో 'సున్నా' అని రాసి రెండు గీతలు గీశాను. ఇంజిను వేసి చూద్దామా అని ఏసోబు అడిగితే, డీజిలు దండగ అన్నాను.

తర్వాత చేసిన పనిని రాయడానికి కలం మొరాయిస్తోంది. సత్తిబాబుకి ఫోను చేసి, మీరు రానక్కర్లేదు, బాగైపోయింది అని చెప్పాను.

"ఎలా బాగైందండీ?"

"బాగుచేశాను."

"బోల్టు ముట్టుకున్నారాండి?"

"చుక్కలు సున్నా" అన్నాను. అడిగిన ప్రశ్నకి కాకుండా వచ్చిన జవాబు రాసే పిల్లల్ని నేను బెంచీ ఎక్కించేదాన్ని.

సరేనండీ, అయితే ఉండిలో ఇంకో రెండు మోటార్లు చూసుకుంటాను అన్నాడు. అదే చేత్తో కరుణకీ ఫోను చేసి అంతా క్షేమం అని చెప్పాను. కంటికి కట్టు కట్టుకుని పడుకున్న మనిషి, "నువ్వున్నావు కాబట్టి నిశ్చింతగా ఉన్నానక్కా" అంది. ఆ మాట తర్వాతి రోజు నాకు చాలాసార్లు వినబడింది.

బుధవారం తెల్లవారింది అనడానికి లేదు, కాస్త బూడిదరంగుకి వచ్చింది. ఆకాశం మూత పెట్టినట్టు మబ్బు. ఆకు కదలడం లేదు. ఐదుకి ఇంజిను వేశాం. నీళ్లు ఎగిసి పడుతున్నాయి, నేను గర్వంగా పక్కనే నిలబడి ఉన్నాను. ఆరుకి ఐదు నిమిషాల ముందు అడుగున తెల్లటి నురగ కనిపించింది. బట్టలుతుకుతున్నట్టు బుడగలు. సబ్బు వేడికి కరుగుతుందని, ముప్పై నాలుగేళ్లు సైన్సు టీచర్ల పక్కన కూర్చుని టీ తాగిన నాకు తట్టలేదు. ఆరూ పదికి ఠప్పుమని ఒక చప్పుడు. బోల్టు ఎటు పోయిందో తెలియదు. మూడున్నర లీటర్ల మరిగే ఆయిలు గట్టు మీదికి దూకింది.

ఏసోబు ఆ రోజు మొదటిసారి, బహుశా చివరిసారి, పరుగెత్తాడు. ఇంజిను ఆపి, మూలనున్న ఊక బస్తా ఆయిలు మీద బోర్లించాడు. చెరువులోకి ఒక్క చుక్క దిగకుండా ఆపింది ఆ ఊకే. నేను ఫోను అందుకున్నాను.

"చుక్కలు ఎన్నండీ?" అన్నాడు సత్తిబాబు.

"చుక్కలు లేవు. మొత్తం వచ్చేసింది."

"బోల్టు ఉందాండి?"

"ఏసోబు వెతకాలి."

"మీకేం తగల్లేదు గదండీ?"

"లేదు."

"చేపలు పైకొచ్చాయాండి?"

అప్పుడు చెరువు వైపు చూశాను. నీళ్ల మీద అంతటా నోళ్లు. గుండ్రంగా తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకుని. లెక్క చెప్పమని వరసగా పిలిస్తే జవాబు రాని పిల్లలు నోరు తెరిచి నిలబడతారే, అలా. ఒక్కటీ చప్పుడు చెయ్యదు. కరుణ ఏడాదిన్నర, మేత బస్తాలు, కన్ను మసకైనా మానని గట్టు తిరుగుళ్లు, అన్నీ ఆ నోళ్లలో ఉన్నాయి.

"వచ్చాయి" అన్నాను.

"ఇప్పుడే బయల్దేరతానండీ. ముప్పావు గంటలో ఉంటాను. ఈలోపు నీళ్లు కదపండి. ఎలాగైనా సరేనండీ, నీళ్లు ఆగకూడదు."

పక్క చెరువులవాళ్ల ఇంజిన్లు అడగవచ్చు గదా అంటారు. అదే మబ్బు వాళ్ల మీదా ఉంది. ఎవరి ఊపిరి వాళ్లకే చాలడం లేదు. ఇక మిగిలింది మేత చల్లే తాటిదోనె, రెండు బకెట్లు, ఇద్దరు ముసలివాళ్లు.

నేను దోనె ఎక్కడం అదే మొదలు. చీర కుచ్చిళ్లు దోపుకుని నడుమ కూలబడ్డాను. ఏసోబు వెనక నిలబడి గెడ వేస్తూ, వేసిన ప్రతిసారీ నీళ్లని బాదుతున్నాడు. నేను బకెట్టుతో తోడి, వీలైనంత ఎత్తుకి విసురుతున్నాను. నీళ్లు పైకి వెళ్లి గాలి తీసుకుని చెరువులో పడాలి. చాలావరకు నా నెత్తిన పడ్డాయి. నిమిషానికి పద్దెనిమిది బకెట్లతో మొదలుపెట్టాను. దోనె ఇటు ఒరిగితే నేను అటు, అది అటు ఒరిగితే నేను ఇటు. తక్కెడలో కూర్చున్న గుమ్మడికాయని చూస్తే నా భంగిమ తెలుస్తుంది.

"టీచరుగారూ, సగం నీళ్లు నా మీదే పడుతున్నాయండి" అన్నాడు ఏసోబు.

"నువ్వు కూడా పీల్చుకో" అన్నాను. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు.

పద్దెనిమిది పదమూడైంది. పదమూడు పది అయింది. భుజాలు నావి కానట్టు అయిపోయాయి. ఒక పెద్ద బొచ్చె దోనె పక్కకి వచ్చి, నా చేతికి అందేంత దగ్గరలో, నోరు తెరిచి నన్నే చూస్తోంది. దాని నోటి ముందు నీళ్లు పోశాను. మళ్లీ పోశాను. అది వెనక్కి పోలేదు, నేను ఆపలేదు. అలా ఎన్ని బకెట్లు పోశానో నాకు తెలియదు. పుస్తకంలో ఆ గడి ఇప్పటికీ ఖాళీగా ఉంది. బుద్ధి తెలిసిన దగ్గర్నించి నేను లెక్క పెట్టకుండా గడిపిన సమయం అదొక్కటే.

ఏడూ రెండుకి ఆకివీడు వైపు నుంచి మోటారుసైకిలు చప్పుడు వినిపించింది.

దోనెలో తడిసి ముద్దయి ఉన్న నన్ను చూసి సత్తిబాబు ఒక నమస్కారం పెట్టి, ఇంజిను కింద చాప వేసుకుని పడుకున్నాడు. పాడైన కన్నాన్ని తుడిచి, లోపలికి మర కోసే పనిముట్టు ఒకటి తీసి, దాని పళ్లకి గ్రీజు పట్టించాడు. తెగిన రజను లోపలికి రాలకుండా గ్రీజుకే అంటుకుంటుందట. సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, మళ్లీ సగం ముందుకి. ఎక్కడా తొందర లేదు. కాస్త ఆయిలు పోసి కడిగి వదిలేశాడు. తర్వాత ఒక సైజు పెద్ద బోల్టు, దానికి కొత్త రాగి వాషరు. చేత్తోనే చివరిదాకా ఎక్కించి, స్పానరుతో ఒక్కసారి నొక్కి ఊరుకున్నాడు. కరుణ దాచిన కొత్త ఆయిలు డబ్బా పోశాం. ఏడూ ముప్పై ఐదుకి ఇంజిను మోగింది.

ఎనిమిదింబావుకి నోళ్లు కిందికి దిగాయి. నా దోనె దగ్గరి బొచ్చె కూడా ఎప్పుడో దిగిపోయింది. చచ్చి తేలినవి పదకొండు. ఏడు బొచ్చెలు, నాలుగు శీలావతులు. మిగతా చెరువంతా బతికింది.

ఇంతటితో బుద్ధిగల మనిషి దండం పెట్టి ఇంట్లోకి వెళ్లాలి. నేను చీర పిండుకుని పుస్తకం తెచ్చాను.

"సత్తిబాబుగారూ, మీరు చాలా సాయం చేశారు. కాని తప్పు ఎక్కడ జరిగిందో తేలాలి. ఆ పాత బోల్టు వేసింది మీరు. తేదీ ఇదిగో."

"అవునండీ, నేనే కొత్తది వేశాను."

"మరి మర ఎందుకు పోయింది?"

ఆయన చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. "ఆ తేదీ నుంచి రిమార్కులు కాస్త చదువుతారాండి?"

సంతోషంగా చదివాను. ఆదివారం, బిగింపు సరిచూడడమైనది, పావు చుట్టు. తర్వాతి ఆదివారం, బిగింపు సరిచూడడమైనది, పావు చుట్టు. చర్చి నుంచి వచ్చి చీర మార్చుకునేలోపు చేసే పని. ఆ తర్వాతి ఆదివారం కూడా అదే. పేజీ తిప్పాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంది.

"సరిచూసిందెవరండీ?"

ఏసోబు ఊక ఎత్తడం ఆపి, ఎత్తుతున్నట్టు నిలబడ్డాడు.

"అలాంటివి మొత్తం ఎన్నండీ?"

లెక్క అడిగితే నేను ఆగలేను. ఉరికంబం మెట్లెన్నని అడిగినా ఎక్కుతూ చెప్పే రకం. "ముప్పై ఒక్క ఆదివారాలు. ముప్పై ఒకటిని నాలుగుతో భాగిస్తే ఏడు ముప్పావు చుట్లు."

సత్తిబాబు గొంతు ఇంకా మెత్తబడింది.

"ఆ బోల్టుకి ఉన్నవే ఏడు చుట్లండీ టీచరుగారూ. మిగతా ముప్పావు ఎక్కడ తిప్పారో పుస్తకం చూసి మీరే చెప్పాలండీ."

ఏసోబు చెరువు వైపు తిరిగి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

సత్తిబాబు, మా గేటుకి వేయగా మిగిలిన ఎర్ర పెయింటు అడిగి తీసుకున్నాడు. పుల్లతో బోల్టు తల మీద మొదలుపెట్టి, ఇంజిను మీదికి సాగేలా ఒకే గీత గీశాడు. ఆ గీత విరగనంత కాలం బోల్టు కదలనట్టేనట. ఆదివారం వచ్చి గీత చూసుకోండి, కళ్లతోనే చూడొచ్చండీ, అని చెప్పి వెళ్లిపోయాడు.

గురువారం సాయంత్రం కరుణ నల్లద్దాలు పెట్టుకుని దిగింది. కాఫీ ఇచ్చి, పుస్తకం ముందు పెట్టి, ఏడు చుక్కల నుంచి పదకొండు చేపల దాకా ఒక్కటి దాచకుండా చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి, దోనె దగ్గరికి వచ్చేసరికి, ఆ ఖాళీ గడి చూపించి పేజీ తిప్పాను. కరుణ నల్లద్దాలు తీసి బాగున్న కంటితో నన్ను చూసింది.

"నువ్వొచ్చిన దగ్గర్నించి ఊరగాయ సీసా మూత తియ్యాలంటే ఏసోబుని పిలుస్తున్నానక్కా. ఇంజిను ముట్టుకోవద్దని ఎందుకన్నాననుకున్నావు?"

"సీసాల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏసోబు కూడా తియ్యలేనట్టు బిగిస్తావని."

శుక్రవారం వలలు పడ్డాయి. వ్యాన్లు నిండి వెళ్లాయి. ఏ చేపా నా మీద ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ సాయంత్రం పుస్తకంలో కొత్త పేజీ తీసి ఈ కింది ప్రమాణం రాశాను. ఇతరులు బిగించిన బోల్టును గాని, కుళాయిని గాని, మూతను గాని, ఎంత వదులుగా తోచినా, ఆదివారమైనా పండుగైనా, పావు చుట్టయినా అందులో సగమైనా, ఊపిరున్నంతకాలం తిరిగి బిగించనని చేపల సాక్షిగా ఒట్టు. బొచ్చెలు ఏడు, శీలావతులు నాలుగు, కింద పేర్కొనడమైనది. కరుణ సంతకం చేసింది. ఏసోబు సంతకం చేసే ముందు రెండుసార్లు చదివించుకున్నాడు. ఐదేళ్లుగా ప్రతి ఆదివారం చేతులు వెనక్కి కట్టుకుని ఎర్ర గీత చూసి వస్తున్నాను. ఆయిలు మార్చినప్పుడు సత్తిబాబు కొత్తది గీస్తాడు, ఆ మధ్యలో మాత్రం గీత కదల్లేదు.

ఆ సాయంత్రం సంతకాలన్నీ అయ్యాక కలం కరుణకిచ్చాను. ఆవిడ మూత పెట్టి బల్ల మీద ఉంచింది. కాస్త వదులుగా పెట్టినట్టు అనిపించింది. చాలాసేపు దాని వైపే చూస్తూ కూర్చుని, లేచి వెళ్లి, వంటింట్లో రెండు చేతులూ నీళ్లలో పెట్టుకున్నాను.